మన బిడ్డ, దేశద్రోహి

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ వచ్చి, బ్రిక్‌ఫీల్డ్స్‌లోని ఒక మీడియా మానిటరింగ్ ఆఫీసులో చేరాను. పత్రికల్లో వచ్చిన వార్తలు సేకరించి ఒక్కోదానికి ‘టోన్’ రాయడం, అంటే మెచ్చుకుంటోందా, తిడుతోందా గుర్తించడం నా పని.

ఒకరోజు రొహానా అనే ప్రచురణకర్త వచ్చారు. పేరున్న టర్కీ రచయిత్రి నవల ఒకటి మలయ్‌లో అచ్చుకు సిద్ధంగా ఉంది. కానీ తమ దేశ చరిత్రలోని పాత హత్యాకాండ గురించి ఇంటర్వ్యూలో మాట్లాడినందుకు ఆ రచయిత్రి మీద అక్కడ దుమారం రేగింది.

“అక్కడి పత్రికల్లో వ్యతిరేకతే ఎక్కువైతే పుస్తకం ఆపేస్తాను” అన్నారు రొహానా. అనువాదం చేసిన రిటైర్డ్ మాస్టారు దాని మీద మూడేళ్లు కూర్చున్నారట.

టర్కీ వార్తల అనువాదాలు తెప్పించి చదివాను. ఆమెకు విదేశీ బహుమతి వచ్చినప్పుడు ‘మన బిడ్డ’ అన్నారు. ఇంటర్వ్యూ తర్వాత ‘దేశద్రోహి’ అన్నారు. తిట్లే ఎక్కువ. ఆపడమే మంచిదని రిపోర్టు రాసి మా సీనియర్ అప్పలస్వామి గారికిచ్చాను. ఆయన ఇక్కడి సుంగై పెటాని ఊళ్లో పుట్టిన తెలుగాయన, మాట చివర మలేషియా వాళ్లలాగే ‘లా’ తగిలిస్తారు.

వార్తల కట్టలోంచి ‘మన బిడ్డ’, ‘దేశద్రోహి’ అన్న రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టారాయన. “అమ్మా, ఇవి రెండూ ఒకే పేపర్లో వచ్చినాయి లా. రాసినోడూ ఒకడే.”

“అవునండీ. ఒకటి పాజిటివ్, ఒకటి నెగెటివ్.”

“అది కాదమ్మా. ఆవిడ పుస్తకంలో ఏటుందని రాసినాడు?”

కట్ట మొత్తం మళ్లీ చదివాను. పొగడ్తలోనూ తిట్టులోనూ ఉన్నది దేశమే, పుస్తకం కాదు. ఒక చిన్న ఊరి పత్రిక మాత్రం కథ గురించి రాసింది. దాన్ని నేనే ‘న్యూట్రల్’ అని పక్కన పడేశాను. సిగ్గేసింది.

‘దేని గురించి?’ అని కొత్త గడి చేర్చి రిపోర్టు తిరగరాశాను. రొహానా చాలాసేపు చదివారు.

“నవల బాగాలేదని వీళ్లెవరూ అనలేదా?”

“లేదండీ. తిట్టినవాళ్లు చదివినట్టే కనబడలేదు.”

“నాకు భయం పోలేదు. కానీ ఆపడానికి కారణం కూడా కనబడటం లేదు” అన్నారు.

నెల తర్వాత పుస్తకం వచ్చింది. ఒక దుకాణం కాపీలు తిప్పి పంపింది. మిగతావాళ్లు అమ్మారు. మాస్టారు స్వయంగా ఆఫీసుకొచ్చి ఒక కాపీ నా చేతిలో పెట్టారు.

ఈమధ్య మనవాడొకడికి ఇక్కడ అవార్డు వచ్చింది. ‘తెలుగు తేజం’ అన్న శీర్షిక చూడగానే చెయ్యి ‘పాజిటివ్’ మీదికి వెళ్లింది. ఆగి, చివరిదాకా చదివాను. అతను ఏం చేశాడో అందులో ఒక్క ముక్క లేదు.