అటక గదిలో నలభై ఒక్క మేకులు

ఆ రోజుల్లో కాగితం మీద లేనిది భూమి మీద కూడా లేదని నా నిశ్చితాభిప్రాయం. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఏడాదిపాటు ఒక మునిసిపల్ కార్యాలయంలో ఇంటి ప్లాన్ల మీద ఆమోదముద్రలు వేసి, ఆ తరువాత అందరితోపాటు కంప్యూటర్ల దారి పట్టి న్యూజెర్సీ చేరినవాణ్ణి. ముద్రలు వేసిన చెయ్యి ముద్ర లేని జీవితానికి అంత సులభంగా అలవాటుపడదు. మా ఇంట్లో కరెంటు బిల్లులు నెలల వరుసలో దారం కట్టి ఉండేవి. వంటింటి డబ్బాల మీద పప్పులు కొన్న తేదీలు అంటించి ఉండేవి. (ఈ రెండవ ఏర్పాటును మా శ్రీమతి మూడు వారాలు సహించి, నాలుగవ వారం కందిపప్పు డబ్బా మీద నా పుట్టిన తేదీ అంటించింది. అంతటితో అది ఆగిపోయింది.) ఇప్పుడు తలచుకుంటే ఆ ముప్ఫై రెండేళ్ళ యువకుడితో ఒక్క పూటైనా కాపురం చేయగలిగినవారెవరా అని ఆశ్చర్యం వేస్తుంది. చేసినావిడ పక్కగదిలోనే ఉన్నది కనుక గట్టిగా అనను.

ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంటులో నాలుగేళ్ళు గడిపి, రెండువేల నాలుగులో పక్క ఊళ్ళో ఒక పాత ఇల్లు కొన్నాము. ఆ ఇంటికి అటక మీద ఒక గది ఉండేది. ఏటవాలు కప్పు, నల్లబడిన చెక్క పలకల గోడలు, ఒక చిన్న కిటికీ, మధ్యలో నలభై వాట్ల బల్బు. ఆ గదిలో మా బావమరిది ఉండేవాడు. ఎం.ఎస్. చివరి సెమిస్టరు చదువుతున్నాడు. వాణ్ణి ఇంట్లో ‘చిన్నోడు’ అని పిలిచేవారు. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. కారు లేదు. మా వీధి చివర యూనివర్సిటీకి వెళ్ళే బస్సు ఆగేది కనుక వాడి చదువంతా ఆ గది మీదా, ఆ బస్సు మీదా ఆధారపడి ఉండేది.

ఒకరోజు వేరే పని మీద టౌన్‌షిప్ కార్యాలయానికి వెళ్ళి, కుతూహలం కొద్దీ మా ఇంటి రికార్డు తీయించి చదివాను. అందులో అటక ఉంది, గది లేదు. మెట్లు కూడా లేవు. ఎప్పుడో ఎవరో యజమాని అనుమతి లేకుండా కట్టేసుకున్నాడన్నమాట. ఆ సాయంత్రం భోజనాల దగ్గర విషయం చెప్పాను.

“ఏమండీ, ఆ గది ఎన్నేళ్ళ నుంచో అక్కడే ఉంది. ఎవరైనా వచ్చి అడిగారా?” అన్నది మా శ్రీమతి.

“అడగకపోవడం అనుమతి ఇవ్వడం కాదు.”

“బావగారూ, మీరు ఆనెస్ట్‌గా ఉండండి, నాకేం ప్రాబ్లం లేదు,” అన్నాడు చిన్నోడు, పెరుగు కలుపుకుంటూ. “కాకపోతే మే తర్వాత ఉండండి. మేలో నా గ్రాడ్యుయేషన్.”

నేను వినలేదు. మరుసటి సోమవారం మూడు ప్రతుల్లో అర్జీ రాసుకుని, ప్రతి పేజీకీ సంతకం పెట్టి, టౌన్‌షిప్ కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడి పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని చదివింది.

“ఇది ఎవరి మీద కంప్లైంట్?”

“నా మీదే.”

ఆవిడ లోపలికి తిరిగి ఇంకొకావిణ్ణి పిలిచింది. ఇద్దరూ కలిసి మళ్ళీ చదివారు. మన వైపున అక్రమ కట్టడాలకు అపరాధ రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పద్ధతి నాకు బాగా తెలుసు కనుక, రుసుము ఎంతో సెలవిమ్మన్నాను. “ఫీజు సంగతి తర్వాత, హనీ. ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. పాస్ అయ్యేదాకా ఆ రూమ్‌లో ఎవరూ పడుకోకూడదు. పాస్ అవ్వకపోతే ఆ మెట్లు మూసేయాలి,” అన్నది. పత్రం ఇచ్చి పత్రం తెచ్చుకుందామని వెళ్ళినవాణ్ణి, బావమరిది మంచానికి ఎసరుపెట్టి వచ్చాను.

చిన్నోడు హాల్లోని సోఫాకు మారాడు. సోఫా అయిపోయిన తరువాత వాడి కాళ్ళు ఇంకో అడుగు మిగిలేవి. వాటి కింద మా శ్రీమతి ఒక స్టూలు వేసి, దాని మీద దిండు పెట్టి, నా వంక చూసి వెళ్ళిపోయేది. నాతో నేరుగా మాట్లాడటం మానేసింది. “ఒరేయ్ చిన్నోడా, మీ బావగారికి ఇంకాస్త చారు కావాలేమో కనుక్కో,” అనేది, నేను చేతికందే దూరంలో కూర్చుని ఉండగానే. వాడు నిజంగానే నా వైపు తిరిగి, “బావగారూ, చారు?” అని అడిగేవాడు. సోఫా మీద ఎన్నాళ్ళో గడవదు కనుక, గది దక్కకపోతే వాడు దూరాన మిత్రుల దగ్గరికి పోవాలి. అక్కడి నుంచి యూనివర్సిటీకి బస్సు లేదు. చివరి సెమిస్టరు ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

నా ప్రాయశ్చిత్తం డ్రాయింగులు. రెండు ఆదివారాలు అటక మీద టేపు పట్టుకుని పాకి, ప్రతి దూలాన్నీ ప్రతి పలకనూ కాగితం మీదికి ఎక్కించాను. ఏటవాలు పలకల మీద, మెట్ల పైభాగాన, ముదురు ఎరుపు రంగులో గుండ్రని మేకు తలలు కనిపించాయి. ఒక వరుస లేదు, ఒక పద్ధతి లేదు. పాత యజమాని క్రమశిక్షణారాహిత్యాన్ని మనసులోనే నిందించి, లెక్కపెట్టి, షీటు రెండులో ‘మేకులు, 41’ అని గుర్తించాను. (ఆ చలికాలమంతా మా శ్రీమతిని వేధిస్తున్న వేరే రహస్యం ఒకటి ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న బొట్టుబిళ్ళల పాకెట్లు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. ఆ విషయంలో ఆమె నన్ను కూడా ఒకసారి అనుమానంగా చూసింది.)

ఇన్‌స్పెక్టరు భారీ మనిషి, నెమ్మదస్తుడు. మెట్లు ఎక్కుతూనే పైమెట్టు దగ్గర ఆగి టేపు తీశాడు. మెట్టు నుంచి కప్పుకు ఆరడుగుల ఎనిమిదంగుళాలు ఉండాలి. ఏడంగుళాలు తక్కువ వచ్చింది. నేను సిద్ధంగానే ఉన్నాను. ఆ వైపు కప్పు మొత్తం పైకి లేపే ప్రణాళికను ఆయన ముందు పరిచాను.

“డ్రాయింగ్ బ్యూటిఫుల్‌గా ఉంది,” అన్నాడాయన. “కానీ ఇది ఒక సమ్మర్ మొత్తం పని. లేదంటే మెట్లు మూసేయడమే.” కింద నుంచి మా శ్రీమతి నిట్టూర్పు వినిపించింది. ఆయన ప్యాడ్ మీద ఏదో రాయబోయి ఆగాడు. “ఈ నెయిల్స్ ఏంటి?”

“నలభై ఒకటి, సర్. షీటు రెండులో చూపించాను.”

ఆయన ఒకదాన్ని గోటితో గీకాడు. అది ఊడి వచ్చి ఆయన బొటనవేలికి అంటుకుంది. ఇద్దరం ఆ వేలి వంకే చూస్తూ నిలబడ్డాము. ఈలోగా పైకి వచ్చిన మా శ్రీమతి వారాల తరబడి పట్టిన మౌనాన్ని మరచిపోయి, “ఏమండీ, అవి నా బొట్టుబిళ్ళలు!” అన్నది.

ఆమె వెనకే మెట్లు ఎక్కి వచ్చిన చిన్నోడి వైపు అందరం తిరిగాము. “తల తగిలిన చోటల్లా ఒకటి అంటించా, అక్కా. మళ్ళీ తగలకుండా గుర్తుకి.”

“నలభై ఒక్కసార్లా?” అన్నాను. “నాకు చెప్పలేదేం?”

“చెబితే మీరు టేపు తెస్తారు, బావగారూ. టేపు వస్తే రూమ్ పోతుంది.”

సరిగ్గా అదే జరిగింది కదా.

ఇన్‌స్పెక్టరు మాత్రం, చిన్నోడు అదంతా ఇంగ్లీషులో మళ్ళీ చెప్పగా విని, టార్చి వెలిగించి, ఆ చుక్కల వెంబడి మెల్లగా నడిచాడు. ఆయన ముఖంలో ఏదో కుతూహలం. చిమ్నీ పక్కన ఒక చోట ఆగాడు. “ఇక్కడ డాట్స్ లేవేం?”

“అక్కడ ఎప్పుడూ తగల్లేదు, సర్.”

“నీ హైట్?”

“సిక్స్ టూ.”

టేపు మళ్ళీ బయటికి వచ్చింది. ఏడడుగుల ఒక అంగుళం. “కప్పు జోలికి పోనక్కర్లేదు. పై మెట్లని ఇటు తిప్పండి. కిటికీ మనిషి దూరేంత పెద్దది చేయండి, స్మోక్ అలారం పెట్టండి. అప్పుడు పిలవండి, వస్తాను.” దిగి వెళుతూ నా భుజం తట్టి, “ఈసారి సర్వేకి ఈ అబ్బాయిని పంపించు,” అన్నాడు. బొట్టుబిళ్ళ ఆయన వేలి మీదనే వెళ్ళిపోయింది.

వడ్రంగి ఐదు వారాంతాలు పనిచేశాడు. గ్రాడ్యుయేషన్‌కు మూడు వారాల ముందు ఆమోదపత్రం వచ్చింది, చిన్నోడు పైకి ఎక్కాడు. ఆ రాత్రి చారు కావాలా అని మా శ్రీమతి నన్నే అడిగింది. నేను షీటు రెండును సవరించి, ‘మేకులు’ కొట్టివేసి, పక్కన ‘బొట్టుబిళ్ళలు, 40 (ఒకటి ఇన్‌స్పెక్టరు వద్ద)’ అని రాసి, పొట్టి సంతకం చేసి, టౌన్‌షిప్‌కు దాఖలు చేశాను. కిటికీ దగ్గరి పెద్దావిడ ఏమీ అడగకుండా ముద్ర వేసింది.

ఆ జూన్‌లోనే చిన్నోడు ఉద్యోగం వచ్చి టెక్సస్‌లోని కాపెల్ అనే ఊరికి వెళ్ళిపోయాడు. తరువాత ఆ పలకలకు రంగు వేయించినప్పుడు చుక్కలన్నీ పోయాయి. పాత మెట్ల దగ్గరి దూలం మీది ఒకదాన్ని మాత్రం మా శ్రీమతి తీయనివ్వలేదు. అది ఇప్పుడు వెలిసి గోధుమరంగుకు తిరిగింది, నిజంగానే మేకులా ఉంటుంది. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఆ దూలం నాకు ఏనాడూ తగలలేదు, తగలదు కూడా. అయినా దాని కిందుగా వెళ్ళిన ప్రతిసారీ, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, కాస్త తల వంచుతాను.