ఎన్ని పాలిస్తదని అడగొద్దు

మా ఊళ్ళో ఎవరినైనా ఏమైనా అడగవచ్చు. దుబాయిలో మా తమ్ముడి జీతమెంతో హుస్నాబాద్ బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా అడుగుతారు. నా పెళ్ళి ఎందుకంత ఆలస్యమైందో ఇప్పటికీ అడుగుతారు. బర్రె ఎన్ని పాలిస్తుందని మాత్రం అడగకూడదు. అడిగితే ఇంటావిడ ముఖం మాడ్చుకుంటుంది, ఆ సాయంత్రమే ఉప్పు, మిరపకాయలతో బర్రెకు దిష్టి తీస్తుంది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియని సంగతి కాదు. అయినా నాకు దొరికిన ఉద్యోగం ఊరూరా అదే ప్రశ్న అడిగించేది.

నేను పశువైద్యురాలిని. కరీంనగర్‌లో ఉండి, చుట్టుపక్కల పల్లెల బర్రెల తోక వెంట్రుకలు పీకించి పంపిస్తాను. వెంట్రుక కుదురులోని జన్యువులను ఎక్కడో దూరాన ఒక ప్రయోగశాలలో చదువుతారు. వేల బర్రెల జన్యువులను, అవి ఇచ్చే పాలను పక్కపక్కన పెట్టి, ఏ తీరు జన్యువులుంటే ఎక్కువ పాలు వస్తాయో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆ లెక్క కుదిరితే, ఇంకా ఒక్కసారి కూడా ఈనని పడ్డ రేపు ఎట్లాంటి బర్రె అవుతుందో ముందే మార్కులు వేయవచ్చు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. చిలక జోస్యానికి సైన్సు తోడైనట్టుంది కదా అని నవ్వుకున్నాను కూడా.

మొదటి విడతలోనే మా అవ్వ బర్రెను, దాని పడ్డను చేర్చాను. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. మా ఇంటి బర్రెల మీద నాకంత నమ్మకం. ఆ బర్రె తల్లీ, అమ్మమ్మా కూడా మా కొట్టంలోనే పుట్టాయి. మా ఊరి మనిషే ఒకాయన నెలకోసారి వేలాడే తక్కెడ పట్టుకొచ్చి పాలు తూచి, ఆ అంకెను ఫోన్‌లో ఎక్కించేవాడు.

పడ్డకు మార్కులు వచ్చాయి. అట్టడుగున ఉన్నాయి.

ఆ ఎండాకాలం గడ్డికి కరువొచ్చింది. రెండింటినీ సాకే పరిస్థితి లేదు, ఒకదాన్ని అమ్మాలి. బర్రెకు వయసు మీద పడుతోంది, పడ్డ మొదటి చూలుతో ఉంది. బర్రెను అమ్మితే ఇప్పటి పాలు పోతాయి. పడ్డను అమ్మితే ఆ వంశమే మా కొట్టంలోంచి పోతుంది. అవ్వ మార్కుల కోసమే ఎదురుచూస్తోంది.

"నీ మిషిన్ ఏమన్నది బిడ్డా?"

"తక్కువిస్తదట అవ్వా."

"అంత సదివినోళ్ళు ఉత్తగనే జెప్తరా" అని అవ్వ లోపలికి వెళ్ళిపోయింది. బాపు ఆ వారమే పడ్డను అంగడికి తోలుకుపోయాడు. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు కొనుక్కున్నారట. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు.

నాకు ఆ మార్కులు మింగుడు పడలేదు. తల్లి అంత మంచిదైతే కూతురికి సున్నకు దగ్గర మార్కులేమిటి? కారణం తర్వాత ఒక ఆదివారం పొద్దున మా కొట్టంలోనే దొరికింది. తూచే ఆయన వచ్చే రోజది. ఆయన రాకముందే అవ్వ సగం పాలు పిండి, గిన్నె మీద గంప బోర్లించింది. ఒక చన్ను దూడకు వదిలింది. ఆయన వచ్చాక మిగిలిన పాలు పిండి, "గివ్వేనే అన్నా. దీనికి పెట్టే తౌడు దండుగ" అంది. ఆయన నమ్మకంగా తూచుకుని వెళ్ళాడు.

"ఇదేందవ్వా?" అన్నాను.

"ఏందంటే? మంది ముంగట గిన్నె నింపితే దిష్టి తాకదా? నువ్వు పుట్టకముందు గట్లనే ఒక బర్రెకు పొదుగు వాచి పాయె."

"నాకన్న జెప్పద్దా?"

"నువ్వడిగితే చెప్పకపోదునా? నువ్వు ఆయన్ని తోలిస్తివి."

ఈ దాపరికానికీ పడ్డ మార్కులకూ సంబంధం ఉందని అవ్వకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు. పాలు తల్లివి, మార్కులు కూతురివి. తల్లి పాలు తక్కువని ఎక్కితే, దాని జన్యువులే పంచుకున్న కూతురికీ కంప్యూటర్ తక్కువే వేస్తుంది. నేను విడమరిచి చెప్పేసరికి చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. "అంటే నేను దాసిన పాలు దాని నెత్తిమీద పడ్డయా?" అంది.

అవ్వొక్కతే ఇట్లా చేస్తుందా, అందరూ ఇంతేనా అని నాకు ఒకటే కుతూహలం. తక్కెడ లేకుండా, ఫోన్ తీయకుండా, ఛాయ్ తాగే నెపంతో ఇల్లిల్లూ తిరిగాను. ఆడదాన్నే కదా అని కొట్టాల్లోకి రానిచ్చారు. అక్కడ చూసింది నన్ను నిలువునా ఆశ్చర్యపరిచింది. పాలు తక్కువిచ్చే బర్రె ఉన్నావిడ ఏమీ దాచదు, దాచడానికేముంది? ఓ మోస్తరు బర్రె ఉన్నావిడ ఒక చెంబెడు దాస్తుంది. ఊరంతా చెప్పుకునే బర్రె ఉన్నావిడ సగానికి సగం దాస్తుంది. బర్రె ఎంత మంచిదైతే అబద్ధం అంత పెద్దది. దాంతో మా లెక్కలో మేలైన బర్రెలూ మామూలువీ ఒక్క వరుసలో నిలబడ్డాయి. వాటిని చూసి నేర్చుకున్న కంప్యూటర్ మంచి జన్యువులను ఎట్లా గుర్తుపడుతుంది?

మా పై అధికారికి చెప్తే, "ఇంకా ఎక్కువ బర్రెలను చేర్చుదాం, తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి" అన్నారు. అటూ ఇటూ పడే తప్పులైతే కొట్టేసుకుంటాయి, అన్నీ ఒక్క వైపే ఒరిగితే ఎట్లా సార్ అని అడిగాను. ఆయన కొత్త బర్రెల జాబితా నా ముందుకు తోశారు.

ఊరుకునే గుణం నాకు లేదు. తక్కెడ ముల్లు ఎవరికీ కనబడకుండా గుడ్డ కట్టించాను. అంకెను పైకి చదవొద్దని తూచే ఆయనకు చెప్పాను. ఒకావిడ, పాలు తూచగానే ఆయన థూ థూ అని ఉమ్మితేనే ఒప్పుకుంటానంది. పాపం, ఉమ్మాడు. ఆ నెల ఆ ఇంటి అంకె గంతేసింది. నాకు పట్టరాని సంతోషమైంది. ఇట్లా ఎన్ని ఇళ్ళ ముందు ఆయన చేత ఉమ్మించాలన్నదే చిక్కు.

ఇంతలో మా పడ్డ ఏమైందో చూడాలనిపించింది. పశువు చెవికి వేసే బిళ్ళ మీద నంబరుంటుంది, దాన్ని ఫోన్‌లో కొడితే టీకా ఎక్కడ వేశారో తెలుస్తుంది. ఆసిఫాబాద్ దగ్గరి ఒక పల్లె చూపించింది. టీకాల పని మీద అటు వెళ్ళినప్పుడు అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాను.

పత్తి మూటల పక్కన, రేకుల నీడన కట్టేసి ఉంది. ఈని రెండు నెలలైందట. ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఆ పొదుగు చూసి, అది ఎట్లాంటి బర్రెనో చెప్పడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. ఉండబట్టలేక, "ఎన్నిస్తున్నదక్కా?" అని ఇంటావిడను అడిగేశాను.

ఆమె అటూ ఇటూ చూసి, నాకూ బర్రెకూ మధ్యకు వచ్చి నిలబడింది. "ఏం జెప్పాలె బాయీ, ఇంట్ల పిల్లలకే సరిపోతలేవు. దీన్ని కొని మునిగినం" అంది.

ఊరి బయటికి వచ్చి అవ్వకు ఫోన్ చేశాను. పడ్డ కనబడిందని చెప్పాను.

"మంచిగున్నదా?"

"మంచిగున్నదవ్వా."

"ఎన్నిత్తందట?"

"ఇంట్ల పిల్లలకే సరిపోతలేవట. కొని మునిగినమన్నది."

"అంతగనం ఇత్తందా!" అంది అవ్వ. అని, ఏడ్చింది. నేనూ బండికి ఆనుకుని ఏడ్చాను. ఎంతైనా సరే మళ్ళీ కొనుక్కుందాం అన్నాను.

"ఇయ్యదు బిడ్డా. నేనైతే ఇత్తునా?" అవ్వ ముక్కు చీదుకుంది. "ఇగ ఆమెను మల్ల అడగకు. దానికి దిష్టి తాకుతది."