తువ్వాళ్ళ పాఠం

గొంతులో గడ్డ తీసే ఆపరేషన్ తర్వాత మాట ఉండదని డాక్టరు చెప్పాడు. మరుసటి రోజు వెంకటరమణప్ప పుంగనూరు కాలేజీకి వెళ్ళి ల్యాబు తలుపు తీశాడు. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు ఆయన అక్కడ కెమిస్ట్రీ చెప్పేవాడు. అది 2004, వానలు రాని ఆగస్టు.

సెలవు మీద పోయే మనిషికి బదులుగా ఇంకొకరిని వేస్తారన్న ఆశ ఎవరికీ లేదు. అందుకే ఆయన మునీశ్వరిని పిలిపించాడు. ఒకప్పుడు ఆయన శిష్యురాలు, ఇప్పుడు మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతోంది. తన కాలేజీ అయ్యాక బస్సెక్కి వస్తానంది.

ఏ పాఠం దసరాలోపు అయిపోవాలో, ఏ ఆసిడ్ సీసా మూత గట్టిగా తిప్పకూడదో ఆమెకు బల్ల బల్లకీ తిరిగి చూపించాడు. క్యారియరు తెచ్చిన భార్య తులసమ్మ గడపలో నిలబడి వింది.

"సూడు మునీశ్వరీ, ఇంట్లో ఉప్పు డబ్బా యాడుండాదో ఈయప్పకు తెలీదు. ఈడుండే ఉప్పులన్నిటికీ మాత్రం పేర్లు పెట్టి పిలుస్తాండాడు."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది.

"బెంజీన్ గురించి ఏం చెప్పలేదే సార్?" అంది మునీశ్వరి.

"అది నేనొచ్చి చెప్తాలేమ్మా."

ఆ పాఠం ఆయన గదిలో చెప్పడు. ఆరుగురు పిల్లలు, ఆరు కార్బన్లన్నట్టు, గ్రౌండులో చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడాలి. జత విడిచి జత, పట్టుకున్న చేతుల మీద డబుల్ బాండుకు గుర్తుగా ఒక తువ్వాలు. సార్ చప్పట్లు కొట్టినప్పుడల్లా మూడు తువ్వాళ్ళూ పక్క జతకు మారాలి. చప్పట్ల వేగం పెరిగేకొద్దీ ఏ తువ్వాలు ఎవరిదో తెలియదు. అప్పుడు ఆపి, "ఇదే బెంజీన్" అనేవాడు. ఏటేటా పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుకునే పాఠం అది. మునీశ్వరి కూడా ఒకప్పుడు ఆ గుండ్రంలో నిలబడింది.

దాన్ని తనకెందుకు ఉంచుకున్నాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. మిగతా పాఠాలన్నిటికీ గొంతు కావాలి. దీనికి రెండు చేతులు చాలు.

జనవరిలో మునీశ్వరి కుప్పం ఆసుపత్రికి వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత మెడ పక్కన మళ్ళీ గడ్డ లేచింది. ఆయన దిండుకు ఆనుకుని కూర్చోగలడు, అంతే. పక్కన పలక, సుద్దముక్క ఉన్నాయి.

సిలబస్ అయిపోవచ్చిందని ఆమె చెప్పింది. ప్రాక్టికల్స్ వచ్చే నెలలో అంది. తర్వాత తాను తెచ్చిన జామకాయల సంచి సర్దింది.

ఆయన పలక మీద రాశాడు: పిల్లలు?

"బాగుండారు సార్. రోజా అని ఒక పిల్ల ఉండాది. వాళ్ళన్న మన గుండ్రంలో నిలబడినాడంట. ఇంటినించి తువ్వాలు తెచ్చి బెంచీలో పెట్టుకోనుండాది. సార్ ఎప్పుడొస్తారని దినామూ అడుగుతాది."

ఆ పాఠం తాను చెప్పనా అని ఆమె అడగలేదు. అడగదని ఆయనకు తెలుసు. తాను అప్పగించేదాకా ఆ తువ్వాలు ఆ బెంచీలోనే ఉంటుందనీ తెలుసు.

పలక బోర్లించాడు. రెండు చేతులూ దుప్పటి మీదికి తీసుకుని చప్పట్లు కొట్టాడు. ఒకటి. కాసేపు ఆగి ఇంకొకటి.

పక్క మంచం మనిషి తల తిప్పి చూశాడు. "ఏమప్పా, భజనా?"

"కాదులేప్పా, క్లాసు జరగతాండాది," అంది తులసమ్మ.

చప్పట్లు కొంచెం కొంచెం దగ్గరయ్యాయి. మునీశ్వరి కళ్ళు దించుకుని, ఆ వేగాన్ని కాలి వేలితో నేల మీద పట్టుకుంది. తువ్వాళ్ళు కలిసిపోయే వేగం ఇంకా దూరం ఉండగానే ఆయన చేతులు అలిసి ఆగిపోయాయి.

"ఇంగా బిరిన కదా సార్," అంది ఆమె.

ఆయన తల ఊపాడు.

ఆమె సంచి కింద పెట్టి, ఆయన ఆపిన చోటు నుంచి కొట్టడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఒకచోట మాత్రం, తొందరపడవద్దని, చెయ్యెత్తాడు.