పొగలో నిలబడ్డ మనిషి

ఈ రోజుల్లో మా మనవలు నీటిధార మీదా చెట్టుకొమ్మల మీదా వెలుగుతో కదిలే బొమ్మలు వేసి, ఇదంతా కొత్త కళ అంటారు. ఊరుకోండర్రా! నేను ఓణీ వేసుకునే రోజుల్లో మా అమ్మ ఆ పని కొబ్బరి డొక్కల పొగ మీద చేసింది.

అమలాపురం దగ్గర మా పేటలో, మిషను బడిలో అమ్మ పంతులమ్మ. సీమకి వెళ్లిపోతూ ఒక దొరసాని ఆవిడకి బొమ్మల లాంతరు ఇచ్చింది. లోపల కిరసనాయిలు దీపం, ముందు భూతద్దం. మధ్యలో గాజుపలక పెడితే దాని మీది బొమ్మ ఎదురుగా పెద్దదై పడేది. అమ్మ ఒక పలక మీద వరిమడీ, మడిలో రెండు కాళ్లూ గీసింది. ఇంకో పలక మీద నడుం పైభాగం, వంగినట్టు ఒకటి, లేచినట్టు ఒకటి. ఆ పలక జరిపితే చాలు, వంగిన మనిషి లేచి నిలబడేది!

ఆ మనిషి మా అమ్మమ్మ. మునసబుగారి చేలల్లో ఊడ్పులకి వెళ్లి వెళ్లి ఆవిడ నడుం వంగిపోయింది, మరి లేవలేదు. ఆవిడని అందరికన్నా ముందు కూర్చోబెట్టి ఆ బొమ్మ చూపించాలని అమ్మ పంతం.

ఊళ్లో సున్నం వేసిన పెద్దగోడ మునసబుగారి ధాన్యం కొట్టుదే. బొమ్మ పడడానికి ఆ గోడ ఇమ్మని అమ్మ అడిగితే ఆయన పాలేరు వచ్చేడు.

"గోడ వాడుకోమన్నారండీ. మీ పేటవాళ్లు మాత్రం కాలవ అవతల నిలబడి చూడాలన్నారండీ."

"గోడ ఆయనది, బొమ్మ నాదండీ. మా అమ్మ కాలవ అవతల నిలబడదని చెప్పండి," అంది అమ్మ.

తెరకి పంచెలు ఇమ్మని చాకలిని అడిగితే, పాపం, ఇవ్వొద్దని అతనికీ కబురు వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏం పోయేకాలం వీళ్లకి!

దీపాలవేళ అయింది. దోమలు పోవడానికి పశువుల దగ్గర కాయ వలిచేసిన పీచు డొక్కలు రాజేసేరు. తడి డొక్కలు మండవు, పొగే కక్కుతాయి. అమ్మ ఆ పొగకేసి చూసి, "ఇంకా డొక్కలు తెండర్రా!" అంది. కొబ్బరితోటలో గాలి లేదు. ఆడవాళ్లు చేటలతో విసురుతుంటే పొగ గోడలా లేచింది.

అమ్మమ్మని ముందు పీట మీద కూర్చోబెట్టేం. లాంతరు వెలిగింది. పొగలో వంగిన మనిషి కనపడింది. అమ్మ పలక జరిపింది. ఆ మనిషి పొగతోపాటు సాగుతూ, మా అందరికన్నా ఎత్తుగా లేచింది. పేటంతా ఒక్కసారి కేక వేసింది.

ఆ కేకలకి పాలేరు పరిగెత్తుకొచ్చేడు. "అందరూ గోడ దగ్గరికే రావచ్చన్నారండీ మునసబుగారు."

"ఆయ్, సంతోషమండీ," అంది అమ్మ. " ఆయన్నే ఇక్కడికి రమ్మనండి. పొగకి కళ్లు మండుతాయి, మాకైతే అలవాటే."

ఆట మళ్లీ మొదలుపెడదామని అమ్మ పలక మీద చెయ్యి వేసింది.

"ఒసేయ్, మళ్లీ వంచకే!" అమ్మమ్మ అరిచింది. "అలాగే ఉంచు."

అమ్మ చెయ్యి తీసేసింది. డొక్కలు అయిపోయేదాకా ఆ మనిషి అలాగే నిలబడి ఉంది.