‘కాదు’ అని చెప్పడానికి లేచిన మనిషి

మొన్న మారేడ్‌పల్లిలో ఒక దుకాణంలో ఫోన్ బాగుచేయించుకుందామని కూర్చుంటే, పక్క గదిలో ఇనుప కుర్చీ కాలు నేలకు గీసుకుని కీచుమంది. నేను టక్కున లేచి నిలబడ్డాను. దుకాణదారు వింతగా చూశాడు. ఆ చప్పుడు వింటే నాకు సుభద్ర మేడమ్ గుర్తొస్తారు.

శ్రీకాకుళం నుంచి సికింద్రాబాద్‌కు, మా మునిసిపల్ ఆఫీసుకు అధికారిగా వచ్చిన ఆవిడ పేరు చెబితే మంత్రులు వణికేవారు. సరే, మంత్రులు కాదు, మేం గుమాస్తాలమే. వణకలేదు కూడా, విసుక్కునేవాళ్లం. ఆవిడ పెట్టిన ఆచారం అలాంటిది. అర్జీలతో వచ్చినవాళ్లకు సరే అనేటప్పుడు కూర్చునే చెప్పవచ్చు. కాదనాల్సి వస్తే మాత్రం మాలో ఎవరైనా సరే కుర్చీ వెనక్కి జరిపి, లేచి, కారణం చెప్పాలి. వాళ్లు వెళ్లేదాకా కూర్చోకూడదు.

నగరమంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల సందడిగా ఉన్న రోజులవి. మాకూ కంప్యూటర్లు వచ్చాయి. అర్జీల ఫలితాలు ఇక వరండాలో తెర మీదే కనిపిస్తాయన్నారు పైవాళ్లు. నా మోకాళ్లకు విముక్తి దొరికిందని మేడమ్‌తో అన్నాను.

“తెర ‘కాదు’ అని చెప్పగలదు మూర్తిగారూ. తిరిగి అడిగితే వినేదెవరు? ఓటు ఎప్పుడో ఒకసారి వేస్తారు. మిగతా రోజులన్నీ వాళ్లకి ప్రభుత్వమంటే ఈ బల్లే కదా” అన్నారావిడ.

ఆ వారమే యాదమ్మ వచ్చింది. పద్మారావు నగర్‌లో జామకాయల బండి ఆమెది, ఇల్లంతా దాని మీదే నడుస్తుంది. కంపెనీ బస్సుల కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు కాబట్టి బండి తీసేయాలన్నారు. ఉండనివ్వమని అర్జీ పెట్టుకుంది. తెర కుదరదంది. మేడమ్ ఆమెను లోపలికి పిలిచి, లేచి, ఎందుకు కుదరదో మొదటినుంచీ చెప్పారు. యాదమ్మ బెంచీ మీద కూర్చుండిపోయింది. మేడమ్ సాయంత్రందాకా అలాగే నిలబడ్డారని నేను చాలామందికి చెప్పాను. నిజానికి నా చాయ్ చల్లారేటంత సేపు. అయినా ఒక అధికారి జామకాయలమ్మే మనిషి ఎదుట అంతసేపు నిలబడటం నేనెన్నడూ చూడలేదు.

చివరికి యాదమ్మే అంది. “కూసో బిడ్డా. నువ్వు గిట్ల నిలవడి కాదంటుంటే తిట్టనీకి సుత నోరొస్తలేదు. రేపు మావోళ్లను తీస్కొని మల్లొస్త.”

వచ్చింది, బండ్లవాళ్లందరితో. రోడ్డు వద్దనలేదు వాళ్లు, బడి గోడ పక్క సందులో చోటివ్వమన్నారు. మేడమ్ వాళ్లతోపాటు నడిచి వెళ్లి, సందు చూసి వచ్చి, కుర్చీలో కూర్చున్నారు. అందరం ఆ కుర్చీకేసే చూస్తున్నాం. అది కదల్లేదు. మేడమ్ కలం తీశారు.

“లేస్తలేదు” అంది యాదమ్మ, వెనకవాళ్లతో మెల్లగా.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేనే అధ్యక్షుణ్ణి. అంటే, అధ్యక్షుడు ఊరెళ్లినప్పుడు. వాచ్‌మన్ సెలవడిగితే, కాదనడానికి లేచి నిలబడతాను. మోకాళ్లు తిడతాయి. అలా నిలబడ్డాక చాలాసార్లు, చెప్పడానికి నా దగ్గర కారణమే లేదని తెలుస్తుంది. అప్పుడు మెల్లగా కూర్చుంటాను.