నడక సిస్టర్ లెక్క తప్పింది

మా ప్రసూతి వార్డు పెద్ద నర్సును అందరూ నడక సిస్టర్ అంటారు. సిజేరియన్ అయిన మర్నాడు బాలింతను మంచం దింపి నడిపించడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ముందు బుజ్జగించేది, కుదరకపోతే కసిరేది. "నాకు మాత్రం కొయ్యలేదా? తువాలు నోట్లో కుక్కుకుని నడిచాను" అనేది. వార్డు పగ్గాలు చేతికొచ్చిన ఈ ఇరవై ఏళ్ళలో మూలుగులు పెరిగినకొద్దీ ఆవిడ పరపతీ పెరిగింది.

పోయిన నెల కొత్త మత్తు డాక్టరమ్మ వచ్చింది. ముందే రోజు ఖాయం చేసుకున్న సిజేరియన్లకు, వెన్నులో ఇచ్చే మత్తుసూదిలోనే రవ్వంత మార్ఫిన్ కలుపుతానంది. మర్నాటిదాకా నొప్పి పెద్దగా తెలియదట. ముక్కు దురద పెట్టొచ్చు. అరుదుగా ఊపిరి మందగించొచ్చు కాబట్టి ఒక రోజంతా గంటగంటకూ ఎవరో ఒకరు ఊపిరి లెక్కపెట్టాలి.

"మనుషుల్లేరమ్మా" అంది సిస్టర్. ఆవిడకది నోటికొచ్చిన పాఠం.

డాక్టరమ్మ మొండిది. మొదటి బాలింత మంచం పక్కన తనే కుర్చీ వేసుకుని లెక్కపెట్టసాగింది. డాక్టరు ఊపిరి లెక్కపెడుతుంటే నర్సులు చూస్తూ నిలబడితే బాగుంటుందా? గంట తిరక్కుండానే సిస్టర్ ఆ కుర్చీ లాక్కుంది.

మర్నాడు పొద్దున సిస్టర్ కసరడానికి సిద్ధమై వచ్చేసరికి, బాలింత ఒక చేత్తో ముక్కు గోక్కుంటూ, ఇంకో చేత్తో గోడ పట్టుకుని బాత్రూం నుంచి నడిచి వస్తోంది.

"నిన్నెవరు లేవమన్నారే?"

"నొప్పి లేదంటోంది సిస్టరమ్మా. ఇంతకీ ఆపరేషన్ సరిగ్గా చేశారా?" అని నిలదీసింది బాలింత అత్తగారు.

సిస్టర్ తిన్నగా డాక్టరమ్మ దగ్గరికెళ్ళింది. "ఈ పద్ధతి ఎప్పుడొచ్చింది?"

"చాలా పాతదే సిస్టర్. పద్దెనిమిదేళ్ళ కిందట ఇక్కడే మా గురువుగారు మొదలుపెడదామంటే, వార్డులో ఎవరో మనుషుల్లేరని రాసిచ్చారట."

ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు. ఈ వార్డు ఆయాగా ఆ కాగితం తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. సంతకం సిస్టర్‌ది. అప్పుడావిడకు ఏడో నెల. రెండు నెలలకు, ముందే ఖాయమైన రోజున, ఆవిడకు ఇదే వార్డులో సిజేరియన్ అయింది.

నాకు మొదటిసారి ఆవిడ మీద జాలేసింది. ఆపరేషన్ గది నుంచి అప్పుడే తెచ్చిన ఇంకో బాలింత పక్కకు సిస్టరే కుర్చీ ఈడ్చుకుని, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.