దుబాయ్‌లో ఫ్లోర్ హీటింగ్ అడిగిన అనసూయ ఆంటీ

2006. దుబాయ్‌లో బయటి దేశాలవాళ్లు కూడా ఇళ్లు కొనుక్కోవచ్చన్నాక మన తెలుగువాళ్లకి విల్లాల పిచ్చి పట్టిన రోజులవి. నేను బర్ దుబాయ్‌లో ఒక కిచెన్ షోరూమ్‌లో డిజైనర్‌ని. పాత వంటిల్లు పీకించి కొత్తది చేయించుకునేవాళ్లకి క్యాబినెట్లు, గ్రానైటు, టైల్స్ ఎంపిక చేయించి, పని అయ్యేదాకా సైట్ దగ్గర కాపలా కాయడం నా ఉద్యోగం. కాకినాడ పిల్లని, నోరు కాస్త పెద్దదే. అది లేకపోతే మేస్త్రీల దగ్గర పని జరగదు.

ఒక శుక్రవారం సాయంత్రం నర్సింగరావు గారు, ఆయన భార్య అనసూయ గారు వచ్చారు. వరంగల్ వాళ్లు. ఆయన ఏదో కంపెనీలో ఫైనాన్స్ మేనేజర్. వస్తూనే అద్దంలా మెరిసే తెల్ల టైల్ ముందు నిలబడి "ఇదే" అనేశారు. ఆవిడ మాత్రం చెప్పులు గుమ్మం దగ్గరే విప్పేసి, నేలమీద పరిచిన శాంపిల్ టైల్స్ మీద ఒక్కొక్కదాని మీదా నిలబడి చూస్తోంది.

"టైల్స్ కింద హీటింగ్ ఉంటదంట గద బిడ్డా, మీరు పెడ్తరా?" అని అడిగింది.

అండర్‌ఫ్లోర్ హీటింగ్ అంటే, టైల్ కింద సన్నటి కరెంటు తీగలున్న చాప పరుస్తారు, నేల వెచ్చబడుతుంది. చలిదేశాల సరుకు. నాకు నవ్వాగలేదు.

"ఆంటీ, ఇది దుబాయ్. జులైలో బయట నిలబడితే చాలు, హీటింగ్ ఉచితం!"

"నవ్వు బిడ్డా నవ్వు. మా సారు గూడ నిన్నటి సంది నవ్వుతనే ఉన్నరు" అంది ఆవిడ, ఏమాత్రం నొచ్చుకోకుండా.

తర్వాత విషయం చెప్పింది. ఆవిడకి కంటిజబ్బు. చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వచ్చి, ఇప్పుడు ఎదురుగా గుప్పెడంత మేరే కనిపిస్తోంది. పక్కన ఏముందో, కాళ్ల దగ్గర ఏముందో తెలియదు. ముందుముందు ఆ కాస్తా పోతుందని డాక్టర్లు చెప్పేశారు. వంటింట్లో చెప్పులేసుకునే అలవాటు వాళ్లింట్లో లేదు కాబట్టి, ఎక్కడ సింకు, ఎక్కడ పొయ్యి అన్నది పాదాలతోనే పోల్చుకుంటోంది. కానీ కింది అంతస్తు మొత్తానికి ఒకటే ఏసీ. పాలరాయి నేల ఐసుగడ్డ అయిపోతుంది, కాసేపటికే పాదాలు మొద్దుబారతాయి. అలా మొద్దుబారిన ఒక రోజు అడుగు తప్పి, చెయ్యి మంటకి తగిలింది. మణికట్టు మీద మచ్చ ఇంకా పోలేదు.

"ఇంకోసారి కాలనియ్య" అన్నారు నర్సింగరావు గారు. "కొత్త కిచెన్ అయినంక వంటమనిషే వండుతది. మాట్లాడిన గూడ."

"టీవీ చూడలేను. పుస్తకం చదవలేను. నాకు మిగిలింది ఈ ఒక్క పని. ఇది గూడ తీస్కుంటరా?"

ఆయన చూపు ఆవిడ మణికట్టు మీదికే పోయింది. మొండి మనిషి కాదాయన, భయపడ్డ మనిషి. నాకు ఇద్దరి మీదా జాలేసింది.

టైల్ ఎంపిక మొదలైంది. నేను పాతికేళ్లకే తలపండిన డిజైనర్‌ననుకునేదాన్ని, కానీ ఆవిడ పరీక్షలు చూసి ముచ్చటేసింది. ప్రతి టైల్ మీదా నీళ్లు పోయించింది, నూనె చుక్కలు వేయించింది, పిండి చల్లించింది, కళ్లు మూసుకుని నడిచింది. మా ముదీర్, అంటే మేనేజర్, లోపల్నుంచి వచ్చి "ఖలాస్! ఇది షోరూమా, సమోసా దుకాణమా!" అని గోల పెట్టాడు. ఆవిడ వినిపించుకోలేదు. మెరిసే టైల్ మీద నూనెచుక్కకే కాలు జారింది. వినైల్ షీటు మెత్తగా ఉందిగానీ "కాలికి ఏం తెలుస్తలేదు" అని పక్కన పెట్టింది. చివరికి మ్యాట్ పోర్సిలిన్ ఎంచుకుంది. మెరుపు లేని, పాదం పట్టు దొరికే టైల్ అది. నర్సింగరావు గారి మొహం మాడింది, అది వేరే సంగతి.

తర్వాత నేను హీటింగ్ డ్రాయింగ్ గీసుకుని వాళ్లింటికి వెళ్లాను. క్యాబినెట్ల కింద తీగ వేయకూడదు, వేడి బయటికి పోలేక తీగ పాడవుతుంది. అందుకని నడిచే చోటంతా పరిచి, పొయ్యి ముందు దాకా తెచ్చాను. ఎక్కడేముందో చదివి వినిపించాను.

"పొయ్యి ముందట వద్దు బిడ్డా. అక్కడ సల్లగనే ఉండాలె."

"అదేంటాంటీ, ఎక్కువసేపు నిలబడేది అక్కడేగా?"

"నువ్వు నిలబడేటిది చూస్తున్నవు. నేను ఆగేటిది చూస్తున్న. వెచ్చగ నడుచుకుంట వస్త. కాలివేళ్లకు సల్లగ తగిలిందంటె పొయ్యి వచ్చింది, ఇగ తొందరపడొద్దు అని తెలుస్తది. జానెడు పట్టీ చాలు. మడమలు వెచ్చటి దాని మీదనే ఉంటయి."

ఈ ఆలోచన నాకు తట్టనే లేదు. అయినా వాదించడం మానలేదు. "మరి కరెంటు పోతే?"

"అందుకే ఆ పట్టీకి గరుకు రాయి పెట్టు."

బాబోయ్, ఏం బుర్ర! రెండూ ముందే ఆలోచించి పెట్టుకుంది. నేను చదివిన ఏ కోర్సులోనూ ఈ పాఠం లేదు.

సైట్‌లో ఎలక్ట్రీషియన్ "మేడమ్‌జీ, దుబాయ్ మే హీటర్?" అని పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ తీగ ఎక్కడైనా తెగిందంటే మొత్తం చాప చచ్చినట్టే. మేస్త్రీ తాపీ తగలకముందు ఒకసారి, టైల్ పరిచాక ఒకసారి పక్కనే నిలబడి, తీగ తెగలేదని మీటరుతో పరీక్ష చేయించాను. గరుకు పట్టీ మిగతా నేలతో ఒకే మట్టంలో రాలేదని ఒకసారి పీకించాను కూడా. అనసూయ ఆంటీ వేలు తట్టుకుని పడితే ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టే కదా.

తాళాలు ఇచ్చిన రోజు ఆవిడ సింకు దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి, పట్టీ మీద వేళ్లు ఆనగానే ఆగింది. చెయ్యి నెమ్మదిగా కిందికి దించి నాబ్ పట్టుకుంది, పొయ్యి వెలిగించింది. పోపు వేసింది. ఒక్క తడబాటు లేదు. నర్సింగరావు గారు గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్నారు. పొయ్యి ఆర్పేదాకా ఉండి, మేజోళ్లు విప్పి పక్కన పడేసి, గట్టిగా కళ్లు మూసుకుని తనే నడవడం మొదలుపెట్టారు. చేతులు ముందుకు చాపి, చిన్నపిల్లాడిలా ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చారు. పట్టీ తగలగానే టక్కున ఆగిపోయారు. కళ్లు తెరిస్తే పొయ్యి ఎదురుగా ఉంది.

ఆయనకి కళ్లనిండా నీళ్లు.

"ఆ వంటమనిషికి ఫోన్ చేసి వద్దని చెప్త" అన్నారు.

"చెప్పుండ్రి గని, ముందుగాల జర పక్కకు జరుగుండ్రి. చాయ్ పెట్టాలె, పిల్ల పొద్దటి సంది నిలబడే ఉన్నది" అంది ఆవిడ.

ఎన్నో వంటిళ్లు చేశాను, దీనికన్నా పెద్దవీ, ఖరీదైనవీ. గర్వంగా చెప్పుకునేది మాత్రం ఇదే, అందులో గొప్పంతా ఆవిడదే. అంతకుముందు ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న "ఏ రంగు కావాలి?" ఆ తర్వాత నుంచి "మీ వంటింట్లో మీకు దేనికి భయం?" అని అడుగుతున్నాను. చాలామంది ముందు నవ్వుతారు, తర్వాత చెప్తారు.